కరవు సీమలో డాక్టరేటు: పరిశోధన పట్టా మెట్లు, వాటి వెనుక చరిత్ర

మన సంఘములలో పాస్టరు గారి పేరుకు ముందు "డాక్టర్" అను మాట ఈ మధ్య సాధారణమైపోయినది. మహాసభల గోడపత్రికల మీద దానిని చూడని వారుండరు. వాటిలో కొన్ని ఏండ్ల తరబడి కష్టపడి సంపాదించినవి, కొన్ని గౌరవార్థము ఇచ్చినవి, మరికొన్ని రుసుము కట్టి తెచ్చుకొన్నవి. గోడపత్రిక మీద మాత్రము మూడును ఒకే అక్షరములలో ఉంటాయి. మా యొద్దకు వచ్చే విద్యార్థులు కూడా పిహెచ్‌డికి ఎన్నేండ్లు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అని అడుగుతారే గాని, ఇన్ని మెట్లు ఎందుకు పెట్టారు అని అడుగుట అరుదు. ఈ వ్యాసములో ఆ మెట్ల చరిత్రను అనంతపురము పీఠభూమి మీద నిలబడి పరిశీలించ దలచాము. ఈ పీఠభూమి సంఘముల చరిత్ర వ్రాయవలసి యున్నదని మేము నమ్ముచున్నాము గనుక, ఈ ప్రశ్న మాకు కేవలము పట్టాకు సంబంధించినది కాదు.

"డాక్టర్" అను మాటకు లాటిను మూలార్థము బోధించువాడు. మధ్యయుగ ఐరోపాలో అది బోధించుటకు ఇచ్చు అధికారము. మార్టిన్ లూథరు 1512 అక్టోబరులో విట్టెన్‌బర్గులో వేదాంత డాక్టరు అయ్యాడు. పేద సన్యాసి గనుక రుసుము చెల్లించుకొనలేకపోగా, జీవితాంతము అక్కడ బైబిలు బోధించవలెనను షరతు మీద సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ దానిని భరించాడు. ఆ సందర్భములో లూథరు ఒక ప్రమాణము కూడా చేశాడు. తరువాతి సంవత్సరాలలో ఏ అధికారముతో సంఘ బోధను ప్రశ్నించుచున్నావని విరోధులు నిలదీసినప్పుడు, తాను ప్రమాణము చేసిన లేఖన డాక్టరునని, బోధించుట తన విధి అని ఆయన జవాబిచ్చేవాడు. 1517 నాటి తొంబదియైదు వాదములు కూడా విశ్వవిద్యాలయ వాదన పద్ధతిలో, ఎవరైనా వచ్చి ఖండించవచ్చునని ముందుంచిన వాక్యములే. పట్టా పొందిన వాడు తన మాటను పరీక్షకు నిలబెట్టవలెను అను నియమము అప్పటికే ఉన్నది.

అయితే కొత్త విషయమును కనిపెట్టి వ్రాయవలెను అను నియమము అప్పుడు లేదు. అది 1810లో స్థాపించబడిన బెర్లిన్ విశ్వవిద్యాలయముతో బలపడిన జర్మను పద్ధతి. దానిని చూచి అమెరికాలో యేల్ 1861లో మొదటి పిహెచ్‌డి పట్టాలిచ్చినది. ఇంగ్లండు ఇంకా ఆలస్యము చేసినది. ఆక్స్‌ఫర్డు 1917లో గాని ఇటువంటి పట్టాను ప్రవేశపెట్టలేదు. కనుక 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు ఏర్పడినప్పుడు వాటి పని ముఖ్యముగా పరీక్షలు జరిపి పట్టాలిచ్చుటే. మన వేదాంత విద్య దారి మాత్రము వేరు. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డు స్థాపించిన శ్రీరాంపూరు కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు పట్టాలిచ్చు అధికారము ఇచ్చాడు. అయినను మొదటి బి.డి. పట్టాలు 1915లో గాని ఇవ్వబడలేదు. 1918లో బెంగాలు శాసనసభ చేసిన చట్టముతో నేటి సెనేటు వ్యవస్థ ఏర్పడినది. చేతిలో అధికారముండియు ఎనుబది యెనిమిది ఏండ్లు వేచియుండిన సంస్థ అది. పట్టాలు అచ్చొత్తి పంచుటకు తొందరపడు వారు ఈ సంఖ్యను ఒకసారి తలంచుకొనవలెను.

అనంతపురమునకు వద్దాము. నిజాము 1800లో ఆంగ్లేయులకు దత్తము చేసిన ప్రాంతములో ఇది భాగము. సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే గల నేల. ఇక్కడ 1916లో దత్తమండల కళాశాల ఆరంభమైనది. నేడు అది ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల. ఆ కళాశాలలో తెలుగు బోధించిన డాక్టర్ చిలుకూరి నారాయణరావు గారు శ్రీకాకుళము ప్రాంతము నుండి ఈ మెట్ట సీమకు వచ్చినవారు. ఖురానును తెలుగులోకి తెచ్చిన తొలి అనువాదకులుగా కూడా ఆయన ప్రసిద్ధులు. ఆయన "ఆంధ్రభాషా చరిత్రము" రెండు సంపుటములుగా 1937లో ఆంధ్ర విశ్వవిద్యాలయము పక్షమున వెలువడినది. రాబర్టు కాల్డ్‌వెల్ అను మిషనరీ 1856లో తన ద్రావిడ భాషల వ్యాకరణములో తెలుగును ద్రావిడ కుటుంబములో చేర్చగా, నారాయణరావు గారు దానిని అంగీకరింపక, తెలుగు ప్రాకృతముల నుండి పుట్టినదని వాదించారు.

ఆ వాదము నిలువలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము నుండి డాక్టరేటు పొంది, 1961లో తెలుగు క్రియాధాతువుల మీద ప్రచురించిన గ్రంథము, దాని తరువాతి పరిశోధన, తెలుగు ద్రావిడ భాషయే అని స్థిరపరచినవి. అయినను నారాయణరావు గారు శాసనముల నుండి, కావ్యముల నుండి కూర్చిన సామగ్రిని భాషా చరిత్రకారులు ప్రక్కన పెట్టలేదు. ఆయన ఆధారములు చూపి వాదించారు గనుకనే తరువాతి వారు ఆ ఆధారములతోనే ఆయనను సరిదిద్దగలిగారు. పరిశోధన గ్రంథము తప్పు కావచ్చును. పరీక్షించుటకు వీలులేనిది కారాదు. ప్రసంగ పీఠము మీద అలవాటుపడిన మనకు ఈ తేడా మ్రింగుడు పడుట కష్టమే. ప్రసంగము మధ్యలో లేచి "ఆధారమేది, అయ్యగారూ?" అని అడిగే విశ్వాసి మన సంఘములలో ఎవడున్నాడు?

ఆ రోజులలో ఈ జిల్లావాడు పరిశోధన చేయవలెనంటే ఊరు విడిచిపోవలసినదే. ఈ జిల్లాలో పుట్టి, తరువాత 1985లో తెలుగు విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షులైన తూమాటి దోణప్ప గారు ఆంధ్ర సంస్థానముల సాహిత్య పోషణ మీద తమ డాక్టరేటును వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయము నుండి పొందారు. 1968లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము అనంతపురములో స్నాతకోత్తర కేంద్రము తెరచినది. అదే 1981లో శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైనది. చరిత్ర, తెలుగు, సమాజశాస్త్రము, గ్రామీణాభివృద్ధి శాఖలు దానిలో ఉన్నవి. అంటే గుత్తిలోనో కళ్యాణదుర్గములోనో సేవ చేయు పాస్టరుకు నేడు పరిశోధన శాఖ బస్సు దూరములో ఉన్నది.

మరి అంశమో? ఈ జిల్లాలోని నార్పల ప్రక్కన గూగూడు అను గ్రామమున్నది. మొహర్రము దినాలలో కుళ్ళాయప్ప పీరును చూచుటకు హిందువులు, ముస్లిములు కలసి వచ్చు స్థలము. మనలో చాలమంది ఆ జాతర బస్సులను రోడ్డు మీద చూచినవారమే; సువార్త పత్రికలు పంచినవారము కూడా ఉన్నాము. అఫ్సర్ మహమ్మద్ గారు ఆ ఒక్క గ్రామపు పండుగను తీసుకొని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో డాక్టరేటు పరిశోధన చేశారు. దాని ఫలితముగా 2013లో ఆక్స్‌ఫర్డు ముద్రణాలయము ఆయన గ్రంథమును ప్రచురించినది. దక్షిణ భారత దేశములో ఇస్లాము అని ఆయన మొదలు పెట్టలేదు. ఒక గ్రామము, ఒక పండుగ, అక్కడి మనుషుల మాటలు. మా విద్యార్థులు తెచ్చే అంశములు చాలమట్టుకు దీనికి తలక్రిందులుగా ఉంటాయి. "రాయలసీమలో క్రైస్తవ్యము" అంటారు. అది ఒక జీవితకాలములో తెమలదు.

ఒక ఉదాహరణ చెప్పెదము. 1876–78 కరవు మద్రాసు రాజధాని చరిత్రలో అతి ఘోరమైన వాటిలో ఒకటి. ఈ పీఠభూమి దానిలో నలిగిపోయినది. అదే కరవు వెంబడి ఒంగోలు ప్రాంతములో 1878 జులై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మనకు కంఠస్థము. ఆ సంఖ్య చెప్పని ఉజ్జీవ ప్రసంగికుడు లేడు. లండన్ మిషను వారు బళ్ళారి నుండి గుత్తికి, తరువాత అనంతపురమునకు వచ్చిన ఈ ప్రాంతములో అదే కరవులో, దాని తరువాతి ఇరువది ఏండ్లలో సంఘములకు ఏమి జరిగినది? గుత్తి తాలూకా మాల, మాదిగ పల్లెలలో బాప్తిస్మము పొందినవారెవరు, ఏ యేట, ఏ కుటుంబములు తిరిగి వెళ్ళినవి, ఎందుకు? ఇది పరిశోధన ప్రశ్న. ఒక తాలూకా, రెండు దశాబ్దములు, ఒక ప్రశ్న.

దీనికి ఆధారములు వెదకునప్పుడు ఒక మెలిక ఉన్నది. అనంతపురము జిల్లా 1882లో బళ్ళారి నుండి విడదీయబడినది. అంతకు ముందటి కాగితములు బళ్ళారి పేరు క్రింద ఉంటాయి. అనంతపురము అని మాత్రమే వెదికినవాడు సరిగ్గా ఆ కరవు సంవత్సరములనే పోగొట్టుకొంటాడు. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడుటతో పెనుకొండ, హిందూపురము అటు చేరినవి గనుక రేపటి పరిశోధకునికి ఇదే చిక్కు మరొకసారి వస్తుంది. లండన్ మిషను లేఖలు లండనులోని సోయాస్ గ్రంథాలయములో భద్రముగా ఉన్నవి. అవి ఇంగ్లండులోని మిషను పెద్దలకు, దాతలకు ఇక్కడి పనిని తెలుపుటకు వ్రాసినవి అని మరువరాదు. రెండవ వైపు సాక్ష్యము మన చర్చి బీరువాలలోని బాప్తిస్మపు, వివాహపు రిజిస్టర్లలో, సమాధి రాళ్ళ మీద, వృద్ధ విశ్వాసుల జ్ఞాపకములలో ఉన్నది.

ఇప్పుడు మెట్లు. యూజీసీ 2022 నవంబరులో ఇచ్చిన నిబంధనల ప్రకారము సంబంధిత విషయములో ఎం.ఎ.లో 55 శాతము మార్కులుండవలెను. షెడ్యూల్డు కులములు, తెగలు మొదలగు వారికి అయిదు శాతము సడలింపు ఉన్నది. బి.డి., ఎం.టిహెచ్. ఉన్నవారు చరిత్ర శాఖ తమ పట్టాను అంగీకరిస్తుందో లేదో దరఖాస్తుకు ముందే వ్రాతమూలముగా తెలుసుకొనవలెను. నోటిమాట మీద సంవత్సరము పోగొట్టుకొనరాదు. ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఎం.ఫిల్. ఇక లేదు. ఉద్యోగులు తమ యజమాన్యము నుండి అభ్యంతరము లేదను పత్రము తెచ్చి పార్ట్‌టైముగా చేరవచ్చును. సంఘ సేవ విడువలేని పాస్టర్లకు ఇది తెరచిన ద్వారము.

గైడును ఎన్నుకొనుటలో మొగమాటము పనికిరాదు. ఒక ప్రొఫెసరు ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురిని మించి తీసుకొనరాదు. పదవీ విరమణకు మూడేండ్లు కూడా లేనివారు కొత్తవారిని తీసుకొనరాదు. తరువాత కనీసము పన్నెండు క్రెడిట్ల కోర్సువర్కు. దానిలో పరిశోధన పద్ధతి, ప్రచురణ నీతి ఉంటాయి. ప్రతి సెమిస్టరు సలహా సంఘము ఎదుట పని చూపవలెను. కనీస కాలము మూడేండ్లు, గరిష్ఠము ఆరేండ్లు, మరల నమోదుతో మరి రెండేండ్లు. స్త్రీలకు ఇంకను రెండేండ్ల అదనపు గడువు, 240 దినముల ప్రసూతి సెలవు ఉన్నవి. మన సోదరీమణులలో ఎందరికి ఈ సంగతి తెలియునో!

వ్రాతలో దొంగతనము గురించి 2018 నియమములు కఠినముగా ఉన్నవి. ఇతరుల రచనతో పోలిక పది శాతము దాటితే సరిదిద్దవలెను. అరువది దాటితే నమోదు రద్దు. ఇంటర్నెట్ నుండి ప్రసంగములు ఎత్తి వ్రాయుట అలవాటైన చేతికి ఇది పెద్ద దెబ్బ. లూకా తన సువార్త ఆరంభములో తనకు ముందు వ్రాసినవారిని, కన్నులార చూచినవారిని పేర్కొన్న తరువాతే తన మాట మొదలు పెట్టిన తీరు ఇక్కడ చూడదగినది.

సమర్పణకు ముందు శాఖలో అందరి ఎదుట ఒక ప్రదర్శన, ఆ తరువాత గ్రంథము కనీసము ఇద్దరు బయటి పరీక్షకులకు వెళ్ళుతుంది. ఒకరు త్రోసివేస్తే మరొకరికి పంపుతారు. ఆయన కూడా త్రోసివేస్తే పట్టా లేదు. చివరిది వైవా. అది తలుపులు మూసి చేయునది కాదు. ఇతర అధ్యాపకులు, పరిశోధకులు కూర్చుండవచ్చును. విట్టెన్‌బర్గు వాదన సభకు ఇది చాల దూరపు చుట్టమేమీ కాదు. తరువాత గ్రంథము శోధగంగ అను జాతీయ భాండాగారములో చేరుతుంది. ఎవరైనా ఉచితముగా చదువవచ్చును. రుసుము కట్టి తెచ్చుకొన్న డాక్టరేటుకు ఈ మెట్లలో ఒక్కటియు లేదు. అందువలన దానిని ఎవరును సరిదిద్దలేరు, దానిమీద ఎవరును కట్టలేరు. అటువంటి పట్టాలిచ్చు నకిలీ విశ్వవిద్యాలయముల జాబితాను యూజీసీయే ప్రకటించుచుండును.

ఎం.ఎ. లేని పాస్టరు, ప్రవేశ పరీక్ష వ్రాయని పాస్టరు కూడా చేయగల పని ఒకటి ఉన్నది. మీ చర్చిలోని పాత రిజిస్టరు బయటకు తీసి, చెదలు పట్టినదేమో చూచి, మొదటి పుట ఏ సంవత్సరముదో, ఎవరి చేవ్రాత ఉన్నదో వ్రాసి పెట్టండి. ప్రతి పుటకు ఫోటో తీసి రెండు చోట్ల దాచండి. సంఘములో ఎనుబది ఏండ్లు దాటినవారు ఉంటే వారి తాతల ఊరు, బాప్తిస్మమిచ్చిన దొర పేరు, కరవు నాటి మాటలు అడిగి, తేదీ వేసి వ్రాసికొనండి. వచ్చే వర్షాకాలములోగా మీరు పంపగలిగిన రిజిస్టర్ల జాబితాను మా గ్రంథాలయములో ఊరి పేరు, తాలూకా, మొదటి సంవత్సరము క్రమములో భద్రపరచుటకు సిద్ధముగా ఉన్నాము.