ఆ చీటీ అడగండి

1978 వేసవి. మద్రాసు-కలకత్తా రోడ్డు మీద ఒక ఊరి శివారులో మా లారీని ఆపారు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు, క్లీనర్ని. స్టీరింగ్ మీద మా గురువుగారు, వెనక గుంటూరు మిర్చి లోడు. ఒక హెడ్‌లైటు వెలగడం లేదని కేసు రాస్తామన్నారు. గురువుగారు సీటు కింది రేకుపెట్టె తీసి, సి బుక్కూ లైసెన్సూ ఇచ్చారు. అప్పట్లో లైసెన్సంటే అరచేతిలో పట్టేంత చిన్న పుస్తకం. చెమటకు తడవకుండా పాలిథిన్ కవర్లో చుట్టి దాచేవారు. సి బుక్కు తిరిగి ఇచ్చారు. లైసెన్సు ఇవ్వలేదు. "కోర్టుకొచ్చి తీసుకో" అన్నారు. దానికి బదులుగా చిన్న కాగితం ముక్క కూడా చేతిలో పెట్టలేదు.

తెల్లారేసరికి పక్క జిల్లాలో మళ్లీ ఆపారు. "రాత్రి వెనక స్టేషన్ వాళ్లు తీసుకున్నారండీ" అని చెబితే నమ్మేదెవరు? లైసెన్సు లేకుండా నడుపుతున్నాడని రెండో కేసు. లోడు రోజంతా ఎండలోనే ఉండిపోయింది. ఇరవై ఏళ్లు లారీ తోలిన మనిషి ఆ మధ్యాహ్నం టైరు పక్కన చతికిలబడి కళ్లు తుడుచుకున్నారు. నేను మంచినీళ్ల చెంబు పట్టుకుని ఊరికే నిలబడ్డాను.

తర్వాత బెజవాడలో ఒక వకీలు గారు చట్టం తెరిచి చూపించారు. 1939 మోటారు వాహనాల చట్టం, 129వ సెక్షన్. డ్రైవరు కోర్టుకు రాకుండా తప్పించుకుంటాడని నమ్మే కారణం ఉంటే పోలీసు లైసెన్సు తీసుకోవచ్చు. కానీ తీసుకుంటే రసీదు ఇచ్చి తీరాలి. లైసెన్సు తిరిగొచ్చేదాకా ఆ రసీదుతోనే బండి నడుపుకోవచ్చు. అంటే ఆ చీటీ ఉంటే రెండో కేసే లేదు. గురువుగారు ఆ మాట రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారు. ఆ రోజే నాకు చట్టం మీద ధ్యాస పుట్టింది. లారీ దిగి ఆటోనగర్లో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమస్తాగా చేరాక కూడా అది పోలేదు.

దేశమంతటికీ మొదటి మోటారు చట్టం 1914లో వచ్చింది. పోలీసు ఆపమంటే ఆపాలి, లైసెన్సు లేకుండా నడపకూడదు అన్న సంగతులు అప్పటివే. 1939 చట్టంలో నాకు విలువైనదిగా కనిపించేది ఒక చిన్న మాట: లైసెన్సు అడిగే పోలీసు యూనిఫాంలో ఉండాలి. రాత్రిపూట నిర్మానుష్యమైన రోడ్డు మీద టార్చిలైటు ఊపేవాడు పోలీసో దొంగో తెలియని డ్రైవరుకు ఆ ఖాకీ చొక్కా ఎంత రక్షణో లారీ తోలినవాడికి తెలుసు. 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇప్పటి చట్టంలోనూ, 130వ సెక్షన్లో, ఆ మాట అలాగే ఉంది. రసీదు సంగతి 206లోకి వచ్చింది. తాళంచెవి లాక్కోవచ్చని మాత్రం ఈ చట్టంలో ఎక్కడా లేదు.

కాగితాలు ఇంట్లో మరిచిపోతే తర్వాత చూపించుకునే గడువు కూడా చట్టమే ఇచ్చింది. ఆ మాట చెప్పి మా ఆఫీసు డ్రైవర్లు ఎందరో బయటపడ్డారు. 2018 నవంబరు నుంచి డిజీలాకర్‌లో ఉన్నవి ఫోన్లో చూపించినా చెల్లుతాయి. రేకుపెట్టెల కాలం అలా ముగిసింది.

2019 సవరణ మాత్రం నన్ను బాధపెట్టింది. తాగి నడపడం, మితిమీరిన వేగం, హెల్మెట్ లేకపోవడం లాంటి కొన్ని నేరాల్లో లైసెన్సు తీసుకుంటే రసీదు ఇస్తారు గానీ, ఆ రసీదుతో బండి నడపకూడదు. తాగినవాడి విషయంలో సరే. హెల్మెట్ మరిచిన కుర్రాడికీ అదే శిక్షా? ఇది న్యాయం కాదని నా అభిప్రాయం.

సోదాల సంగతి వేరు. మన్యం వైపు నుంచి వచ్చే లారీల్లో గంజాయి కోసం పట్టాలు విప్పి, తాళ్లు కోసి చూస్తారు. లోడులో ఏముందో చాలాసార్లు డ్రైవరుకే తెలియదు. మత్తుపదార్థాల చట్టం 50వ సెక్షన్ కింద ఒంటిమీద సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి ముందు గానీ మేజిస్ట్రేటు ముందు గానీ చేయమని అడిగే హక్కు అతనికుంది. ఆ హక్కుందని పోలీసులే చెప్పాలని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. ఇది మనిషి ఒంటికే గానీ సంచులకు వర్తించదని 2005లో పవన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. అయితే 2024 జులై 1 నుంచి కొత్త నాగరిక సురక్షా సంహిత, 105వ సెక్షన్ ప్రకారం సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయాలి.

మా గురువుగారు పోయి పదకొండేళ్లయింది. ఆ చట్టం చూశాక ఆయన రిటైరయ్యేదాకా ఎవరికి లైసెన్సిచ్చినా "చీటీ రాసివ్వండి సార్" అని చేతులు కట్టుకుని నిలబడేవారు. చాలామంది రాసిచ్చారు కూడా. డ్రైవరు తమ్ముళ్లూ, బండి ఆపండి, కాగితాలు చూపించండి, వాదన పెట్టుకోవద్దు. లైసెన్సు మాత్రం మీ చెయ్యి దాటితే, ఆ చీటీ అడగండి.