తలకు బదులు తామర

కొంటా దగ్గర శబరికి ఇవతల ఛత్తీస్‌గఢ్, అవతల ఒడిశాలోని మోటు. కాస్త దిగువకి వస్తే మన చింతూరు. రాముడికి పళ్లు పెట్టిన ముసలావిడ పేరుతో ఏరు పారే నేల ఇది. సుక్మా మీదుగా పైకి పోతే దంతెవాడలో దంతేశ్వరి గుడి ఉంది. సతీదేవి దంతం పడిన చోటంటారు. కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు నుంచి వచ్చి బస్తర్ రాజ్యం నిలబెట్టాడనీ, అమ్మవారు ఆయన వెంటే వచ్చిందనీ అక్కడి కథ. తుంగభద్ర ఒడ్డున అలంపురం జోగులాంబ దగ్గరా దాదాపు ఇదే మాట వినిపిస్తుంది. సతి పైపలువరస అక్కడ పడిందట. ఏ పన్ను ఎక్కడ పడిందో తేల్చే పంచాయితీ నాకొద్దు. నాకు కావలసింది అలంపురంలోనే ఉన్న ఇంకో రాయి.

బాదామి చాళుక్యుల కాలం నాటి శిల్పం అది. ఒక స్త్రీ వెల్లకిలా ఉంది. పురిటినొప్పుల వేళలా మోకాళ్లు మడిచి ఎడంగా పెట్టింది, అరికాళ్లు పైకి తిరిగి ఉన్నాయి. ఒంటి మీద నగలే తప్ప బట్ట లేదు. మోచేతులు వంచి, రెండు చేతులూ భుజాల దాకా ఎత్తింది. మెడ దాకా అంతా మనిషే. మెడ పైన మాత్రం తల లేదు, విచ్చుకున్న తామర ఉంది. విరిగిపోయిన తల కాదది, చెక్కినవాడు రేకు రేకూ తీర్చి పెట్టిన పువ్వు.

తల ఏమైందని అడిగితే స్థలపురాణం రేణుక కథ చెబుతుంది. జమదగ్ని ఆజ్ఞ మీద పరశురాముడు తల్లి తల నరికాడు. ఆ తల ఎల్లమ్మయి ఊళ్లలో పూజలందుకుంటోంది, మొండెం భూదేవిగా ఇక్కడ ఉండిపోయింది, బిడ్డలు లేనివాళ్లు మొక్కుకుంటారు. కథ బలమైనదే. కానీ రాయిని చూస్తే నాకు నమ్మకం కలగదు. నరికిన మెడకు పువ్వెందుకు పూస్తుంది?

పండితులూ దీని చుట్టూ చాలా తిరిగారు. 1956లో స్టెల్లా క్రామ్‌రిష్ ఈమె వేదాల్లోని అదితి అన్నారు. 1960లో హెచ్.డి. సంకాలియా ఇలాంటి బొమ్మలను పశ్చిమాసియా నగ్న దేవతలతో కలిపి చూశారు. ఇప్పుడు అందరూ వాడే లజ్జాగౌరి అన్న పేరు మరాఠీ నేల నుంచి వచ్చింది. ముడి విప్పింది మాత్రం 1992లో కరోల్ బోలన్ పుస్తకమని నా అభిప్రాయం. ఆమె దొరికిన బొమ్మలన్నిటినీ వరసపెట్టి చూశారు. కొన్నిటిలో మనిషే లేదు. ఒక నిండుకుండ, మూతిలోంచి తామర, అడుగున రెండు కాళ్లు, అంతే. కొన్నిటిలో కుండ పొట్టగా మారింది, చేతులు ఇంకా రాలేదు. అలంపురం రాయిలో చేతులొచ్చాయి, తామర నిలిచింది. మరికొన్నిటిలో మామూలు ఆడమనిషి ముఖమే ఉంది. ఈ వరస కాలంలో గీత గీసినట్టు తిన్నగా సాగలేదు, ఒకే కాలంలో రెండు మూడు రకాలూ కనిపిస్తాయి. అయినా అసలు సంగతి తేటపడింది. ఈమెకు తల పోలేదు. మొదట్నుంచీ లేదు. ఉన్నది కుండ మెడా, దానిలోంచి పూసిన పువ్వూ.

తెలుగువాళ్లకు ఇదేం వింత కాదు. శ్రావణ శుక్రవారం కలశం మీద కొబ్బరికాయ పెట్టి, వెండి ముఖం కట్టి, చీర చుట్టి వరలక్ష్మిని చేయడం లేదూ? అమరావతి స్తూపం పలకల నిండా తామరలు పొంగే పూర్ణకుంభాలే. ఆ పని తెలిసిన చేతులకు కుండకు కాళ్లు తగిలించడం ఎంతసేపు?

నాగార్జునకొండలో దొరికిన ఇలాంటి బొమ్మకు పైభాగం నిజంగానే విరిగిపోయింది, కాబట్టి అక్కడ తలో తామరో చెప్పలేం. కానీ దాని మీద శాసనముంది. ఇక్ష్వాకు రాజు ఎహువల చాంతమూలుడి రాణి మహాదేవి ఖండువుల దాన్ని చేయించింది. తాను ముత్తయిదువనీ, కడుపున పుట్టినవాళ్లు బతికి ఉన్నారనీ రాయించుకుంది. సిగ్గుపడాల్సిన బొమ్మ అయితే పట్టపురాణి పేరు చెక్కించుకునేదా?

పారిస్‌లో 1920లో శిల్పి బ్రాంకూసీ గ్రీకు పురాణాల రాణి లీడాను తెల్ల పాలరాతిలో చెక్కాడు. ముఖం, చేతులు, కాళ్లు అన్నీ తీసేసి ఒక నునుపైన కోడిగుడ్డు ఆకారాన్నీ, దాని మీద వాలిన ఇంకో ముక్కనూ మిగిల్చాడు. ఆయన మనిషి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటీ తీసేస్తూ పోయాడు. మన శిల్పులు కుండ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటీ చేరుస్తూ వచ్చి, ముఖం దగ్గర ఆగారు. వాళ్లలో ఎవరి పేరూ మిగల్లేదు.

రేణుక కథ ఈ రాయికి తర్వాత అతికిందేనని నా లెక్క. అతికాక గట్టిగానే పట్టుకుంది. చాళుక్యుల తర్వాత దక్కనులో ఇలాంటి కొత్త బొమ్మలు పలచబడ్డాయి. తెలంగాణ ఊళ్లలో ఎల్లమ్మను మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల ఒంటి తలగానే, పసుపు మెత్తి, పెద్ద కళ్లు పెట్టి కొలుస్తున్నారు.