ఖజానా లోటు, ఇచ్చిన మాట

మన మొక మాట నమ్మి యోటు వేయుదుము. ఆ యోటుతో సభకేగినవాడు ఖజానాలో లోటు కనబడగానే వేరొక ప్రక్కకు చేయెత్తును. రచ్చబండలమీద తరచుగ వినవచ్చు ఈ ఫిర్యాదు క్రొత్తది కాదు. దీని పూర్వాపరములు మద్యనిషేధ చరిత్రమున స్పష్టముగ కానవచ్చును.

నిజాము కాలమున ఆబ్కారీ ప్రభుత్వపు ప్రధానమైన రాబళ్లలో నొకటి. మన సీమలో సారాకు ఆటంకము లేకుండెను. మదరాసు రాజధానిలో నట్లు గాదు. 1937లో అధికారమునకు వచ్చిన రాజగోపాలాచారిగారి మంత్రివర్గము మొదట సేలము జిల్లాలో మద్యమును నిషేధించి, పిమ్మట చిత్తూరు, కడప జిల్లాలకును ఆ శాసనమును విస్తరింపజేసెను. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను విధించెను. పన్ను ఎవరికిని ప్రీతికరము గాదు. అయినను వాగ్దానమును దాని వెలయు ప్రజలకు దాపరికము లేక తెలిసినవి. ఈ యంశమును శ్రోతలు జ్ఞాపకమం దుంచుకొనవలెను.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. దానికి రాజధాని కర్నూలు. అనగా మన అలంపురము వారు తుంగభద్ర దాటి చేరు పట్టణమే. క్రొత్త రాష్ట్రమునకు ధనము చాలకుండెను. రామమూర్తి సంఘము మద్యనిషేధమును తొలగింపుమని సిఫారసు చేసెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము దాని నంగీకరింపలేదు. కల్లుగీతవారి జీవనాధారము పోయెనను మొరయు బలముగ వినవచ్చెను. తుదకు 1954 నవంబరు 6వ తేదీన అవిశ్వాసతీర్మానము 69 మంది యనుకూలురు, 68 మంది ప్రతికూలురుగా నెగ్గెను. ఒక్క యోటుతో ప్రభుత్వము కూలెను. అందు న్యాయ మెవరిదైనను, మూడు నెలలు గడచునంతలో ఎన్నికలు వచ్చి, విషయము మరల ప్రజల యెదుటికే చేరెను.

ఇక మన సీమకు వచ్చెదము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషిద్ధమయ్యెను. 1994 ఎన్నికలలో నందమూరి తారక రామారావుగారు సంపూర్ణ మద్యనిషేధమును వాగ్దానము చేసి ఘనవిజయము పొందిరి. 1995 జనవరి 16వ తేదీన అది అమలులోనికి వచ్చెను. ఆచారము నాశ్రయించిన పెద్దలును, మగని కూలి దుకాణము పాలగుట చూచి విసిగిన యిల్లాండ్రును దీనిని తమ విజయముగా నెంచిరి.

లోటు మాత్రము పూడలేదు. రాయచూరు వంటి పొరుగుసీమల మద్యమునకు నిషేధము లేదు. సరిహద్దులు దాటి దొంగసరకు రాసాగెను. 1995 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడుగారు ముఖ్యమంత్రి యయిరి. 1996లో రెండు రూపాయల బియ్యము మూడున్నర యయ్యెను. సేద్యపు విద్యుత్తు రుసుమును హెచ్చెను. అంతతో నాగక 1997 ఏప్రిలునుండి నిషేధమును సడలించిరి. సారా మాత్రము నిషిద్ధముగనే యుండెను. నిషేధశాసనము చేసిన శాసనసభయే దాని సడలింపును కూడ నామోదించెను. ఆ సభ్యులను మధ్యకాలమున మరల ఎన్నుకొన్నవారు లేరు. ఏరు దాటి తెప్ప తగులబెట్టినారని గ్రామములలో ననుకొనుట వింతగాదు.

దీనికి శిక్ష లేదా యని యడుగుదురేమో. 1971లో తెలంగాణ ప్రజాసమితి పక్షమున లోకసభకు పదుగురు గెలిచిరి; నాగర్ కర్నూలు సభ్యుడును అందొకడు. ఆ సంవత్సరమే ఆ పక్షము కాంగ్రెసులో లీనమయ్యెను. అట్టి పక్షాంతరములు దేశమంతట పెచ్చు పెరుగగా, 1985లో రాజ్యాంగమునకు 52వ సవరణము చేసి నిరోధకశాసనము తెచ్చిరి. అయితే ఆ శాసనము కాచునది పక్షము నాజ్ఞను. ఓటరు కిచ్చిన మాటను గాదు. 1997లో తన మాట నిలుపుకొనగోరి పక్షము నాజ్ఞను ధిక్కరించి యోటు వేసినవాడే స్థానము కోల్పోవు ప్రమాదమున పడును. మాట మార్చినవానికి భయము లేదు! ఇది విచిత్రమైన ధర్మసూక్ష్మము.

1999లో ఆ పక్షమే మరల గెలిచెను గదా, ప్రజలు సమ్మతించినట్లే గదా యని కొందరందురు. ఎన్నికలో నూరు విషయములు కలిసి తూగును. ఒక్క విషయముపై తీర్పును అందుండి విడదీయ శక్యము గాదు. మరియు జీతములకు, కాలువలకు ధనము లేనప్పుడు ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండజాలదనుటయు సత్యమే. తప్పు మార్పు చేయుటలో లేదు. ఓటరును మరల అడుగకుండ చేయుటలో నున్నది.

కావున పెద్దలారా, వాగ్దానము చేయవచ్చినవానిని ఆ దినముననే యొక ప్రశ్న యడుగుడు: “దీనివలన తగ్గు రాబడి నెక్కడనుండి తెచ్చెదవు?” 1939లో ఆ ప్రశ్నకు సమాధానము శాసనరూపమున నుండెను. సమాధానము చెప్పనివాని మాట కరవు వచ్చిన మొదటి యేటనే మారును. అప్పు పత్రము వ్రాయించుకొనునప్పుడు వడ్డీ, గడువు అడుగనివాడు తరువాత వగచి ప్రయోజనము లేదు. ఓటును అట్టి పత్రమే.