బస్తర్ నేత

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో పనికా కులస్థులు గుంటమగ్గంపై నేసే ముతక నూలు వస్త్రకళ. సరిహద్దు అవతల, ఒడిశాలోని కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్లది దీని తోబుట్టువు లాంటి కళే. 2005లో కోట్‌పాడ్ నేతకు భౌగోళిక గుర్తింపు దక్కడంతో పేరంతా దానికే పోయింది. బస్తర్‌కు అది అన్యాయమే.

తెల్లబరచని నూలు, దాని పక్కన తొగరు వేరు ఇచ్చే ముదురు ఎరుపు: ప్రధానంగా కనిపించేవి ఈ రెండు రంగులే. నూలుకు ఆముదం, పేడ, బూడిదనీళ్లు పట్టించి ఎండబెడతారు, మళ్లీ పట్టిస్తారు. ఇలా రోజుల తరబడి సాగుతుంది. ఆ తర్వాతే వేరుబెరడు పొడితో ఉడికిస్తారు. ముదురు వేరుకు, లేత వేరుకు ఛాయ మారుతుంది. కొత్త బట్టకు ఆముదం వాసన కొన్నాళ్లు వదలదు.

చేప, పీత, శంఖం, గొడ్డలి వంటి బొమ్మలను అదనపు పేకతో, పడుగు పోగులు లెక్కపెట్టుకుంటూ చేత్తోనే ఎక్కిస్తారు. ముందుగా గీసిన నమూనా ఉండదు.

బస్తర్ సాల అడవుల్లో దొరికే ‘రైలీ’ దసలి పట్టుకాయ మరో సంగతి. దాన్ని పెంచరు, చెట్ల మీంచి ఏరుకొస్తారు. కాయను ఉడికించి, స్త్రీలు దారాన్ని తొడమీద పేనే పద్ధతి ఉండేది. చర్మం కమిలిపోయే ఆ పనిని ఇప్పుడు యంత్రాలు తప్పిస్తున్నాయి.

ఈ నేతను సరదాకు నేర్చుకునేవారు మగ్గం జోలికి వెళ్లేముందు తకిలీతో (చేతి కదురుతో) నూలు వడకడం మొదలుపెట్టడం మేలు.