పత్రికకు రాయడం మన ఊళ్లోనే పుట్టిన పాఠం



ఈ మధ్య మా తొమ్మిదో తరగతి పిల్లలను పత్రికకు ఒక వార్త రాసి తెమ్మన్నాను. ఒక అమ్మాయి "మా వీధియందు జలాభావము మిక్కుటముగా నున్నది" అని రాసింది. "ఇదే సంగతి పక్కింటి పిన్నితో ఎలా చెబుతావమ్మా?" అని అడిగాను. "కుళాయిలో నాలుగు రోజులుగా నీళ్లు రావడం లేదు" అంది. "వార్త అంటే అదే, అదే రాయి" అన్నాను.

ఇంత చిన్న మాట పత్రికల్లో నిలబడడానికి దశాబ్దాలు పట్టింది. మొదట్లో మన పత్రికలు ఎక్కువగా గ్రాంథికంలోనే నడిచేవి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన పర్లాకిమిడి బడిలో పంతులే. 1919లో ఆయన 'తెలుగు' అనే మాసపత్రిక పెట్టి తన వాదాన్ని వినిపించారు. ఆయన శిష్యుడు తాపీ ధర్మారావుగారు 1887లో మన బరంపురంలో పుట్టారు. ఆయన 'జనవాణి'ని వాడుక భాషలో నడిపి చూపించారు. 1940 జనవరి 15న మద్రాసులో గిడుగువారు పత్రికలవారికి ఆఖరి విన్నపం చేశారు. సరిగ్గా వారానికి, 22న కన్నుమూశారు.

మరి మీరు రాయాలంటే ఎలా? అసలు సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి, ఎందువల్ల అన్నవి తరువాత వరసగా రావాలి. కళ్లారా చూసినదాన్నీ, ఒకరు చెప్పగా విన్నదాన్నీ కలపకండి. అంకెలు సరిచూసుకోండి. మీ అభిప్రాయం వార్తలో దూర్చకండి. రాశాక ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. "అంటే ఏమిటి?" అని వాళ్లు అడిగితే ఆ వాక్యం మార్చండి.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు గిడుగువారు రాజమండ్రి వెళ్లిపోయారు. మనం ఇక్కడే ఉండిపోయాం. మన పిల్లల్లో చాలామంది బడిలో ఒడియానో ఇంగ్లీషో చదువుతున్నారు. తెలుగు నోట ఉంది గాని, చేతికి రావడం లేదు. మాట్లాడినట్టే రాయవచ్చని చెప్పిన ఊళ్లోనే, మాట్లాడేవాళ్లు రాయడం మానేస్తే ఎలా చెప్పండి?

ఈ వారం మీ వీధి సంగతి ఒకటి అర ఠావు మీద రాయండి. పక్కన మీ పిల్లలను కూర్చోబెట్టుకోండి. వీలైతే మీరు చెబుతుంటే వాళ్లచేతే రాయించండి.