పేరుగల పెట్టె, పేరులేని పెట్టె

బద్వేలు సీమలోని పాత లోగిళ్ళలో భోషాణములు, నగలపెట్టెలు నేటికిని అక్కడక్కడ కానవచ్చును. వాని బిగువును మెచ్చుకొందుము. చేసిన వడ్రంగి యెవరని యడిగినచో చెప్పువారు అరుదు. ఈ మఱపు ఎంతటి నష్టమో తెలియుటకు రెండు దూరపు పెట్టెల కథ వినుడు.

మొదటిది పారిస్ నగరపు పెట్టె. 19వ శతాబ్ది మధ్యమున అచ్చట తాహాన్ అను పేరుగల దారుశిల్పి ర్యూ ద లా పే వీథిలో అంగడి నడపెను. 1852 నుండి 1870 వరకు ఫ్రాన్సు నేలిన మూడవ నెపోలియన్ చక్రవర్తికి అతడు సరకు లొసగినవాడు. నగలకును, ఉత్తరములకును, చేతితొడుగులకును వేర్వేరు పెట్టెలు చేయించెడివాడు. లోపల సామాన్యపు కొయ్య. పైన మేలికొయ్యల పలుచని రేకులు. అంచులకు బంగరుపూత గల కంచు. ఇట్టి పెట్టెల తాళపు రేకులపై తాహాన్ అను పేరు చెక్కబడియుండును. దానినిబట్టియే పరీక్షకులు పెట్టె యొక్క పుట్టుకను నిర్ణయింతురు.

రెండవది మన విశాఖపట్టణపు పెట్టె. 1756లోనే జాన్ కార్నీల్ అను సైనికాధికారి అచ్చటి పొదుగుడు పనిని మిక్కిలి మెచ్చుకొనెను. ఏనుగుదంతపు రేకులపై సన్నని తీగెలు, పూవులు గీసి, ఆ గీతలలో నల్లని లక్క నింపుట ఆ పనివారి విద్య. తరువాతి కాలమున గంధపుచెక్క, కొమ్ము, తాబేటిచిప్ప, ఏదుముండ్లు కూడ చేరెను. తెల్లదొరలు వానిని కొని స్వదేశములకు గొనిపోయిరి. లండనులోని విక్టోరియా, ఆల్బర్టు ప్రదర్శనశాలలో విశాఖపట్టణపు పని నేటికిని కలదు. అయినను ఇట్టి పెట్టెలలో పెక్కింటిపై ఊరి పేరే నిలిచినది. చేసినవాని పేరు నిలువలేదు.

పారిస్ పెట్టెపై నున్నదియు యజమాని పేరే. అతని క్రింద రేకులు కోసి యతికించిన కూలీల పేర్లు తాళముపై లేవు. చేతిపని చరిత్రలో ఈ యన్యాయము రెండు దేశములందును గలదు. మన యొద్ద మఱికొంత హెచ్చు.

దంతపు వ్యాపారమును మన దేశమున 1986, 1991 సంవత్సరముల చట్టసవరణలు నిషేధించినవి. ఏనుగుల మేలుకొఱకు అది యుక్తమే. కాని ఆ పాతపని మరల పుట్టదు. మన యింటి కొయ్యపెట్టెల సంగతియు కొంత యట్టిదే. పెద్దలు జీవించియుండగనే అడుగుడు: దీనిని ఎవరు చేసిరి? ఏ యూరివారు? ఏ పెండ్లికి చేయించిరి? తెలిసినంత ఒక కాగితముపై వ్రాసి, ఆ పెట్టెలోనే యుంచుడు.