నల్లతెర వెనుక: లినక్స్ డెస్క్‌టాప్ చెడిన సందర్భాల చరిత్ర

గడచిన శీతాకాలంలో ఒక రాత్రి నా ఇంటి కంప్యూటర్‌లోని లినక్స్‌ను పాత వెర్షన్ నుండి కొత్త వెర్షన్‌కు మార్చాను. గంటకు పైగా ప్యాకేజీలు దిగాయి. యంత్రం తనంతట తానే ఆగి మళ్ళీ మొదలైంది. తయారీదారు చిహ్నం ఒక్క క్షణం కనిపించింది; ఆ తరువాత అంతా నల్లతెర. పై మూలన ఒక చిన్న గీత మాత్రం మిణుకుమంటూ ఉంది. ఆ యంత్రంలో మా నాన్నగారి ఉత్తరాల స్కాన్లున్నాయి, పదిహేనేళ్ళుగా నేను తెలుగులో టైపు చేసుకున్న నోట్సు ఉంది. వాటికి మరో డిస్కు మీద నకలు లేకపోలేదు, కానీ అది మూడు నెలల పాతది.

లినక్స్ వాడేవారిలో ఈ తెరను ఎరుగనివారు అరుదు. అటువంటి వేళ అనుభవజ్ఞులు చేసే పనులకు ఒక క్రమం ఉంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కి అక్షరాల తెర వస్తుందేమో చూస్తారు. యంత్రం మొదలయ్యే ముందు వచ్చే పట్టికలో పాత కెర్నెల్‌ను ఎంచుకుంటారు. లాగ్ చదువుతారు. కొత్తగా ఒక యూజర్ ఖాతా తెరిచి, అందులోనూ ఇదే తంతు జరుగుతుందేమో చూస్తారు. ఈ క్రమాన్ని ఎవరూ ఒకచోట కూర్చుని రూపొందించలేదు. ప్రతి మెట్టు వెనుకా ఎప్పుడో ఎవరికో ఎదురైన ఒక ఇబ్బంది ఉంది. వాటిలో ముఖ్యమైన కొన్నింటిని పరిశీలిస్తే, ఒక విషయం పదేపదే ఎదురవుతుంది: డెస్క్‌టాప్ చెడింది ఒక ప్రోగ్రాములోని పొరపాటు వల్ల అనడం కంటే, ఒకరు ఇవ్వని మాటను మరొకరు ఇచ్చారనుకోవడం వల్ల అనడం సత్యానికి దగ్గర.

కెర్నెల్ ఇచ్చిన మాట, ఇవ్వని మాట

లినక్స్ అన్న పేరు నిజానికి కెర్నెల్‌కే చెందుతుంది. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న దానిని గురించి లోకానికి తెలియజేశాడు. మనం తెరపై చూసే డెస్క్‌టాప్ ఆ కెర్నెల్ మీద అంతస్తులుగా లేచిన కట్టడం. లైబ్రరీలు రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టువి. బొమ్మలు గీసే ఎక్స్ విండో వ్యవస్థ 1984లో ఎమ్‌ఐటీలో పుట్టింది. డెస్క్‌టాప్‌లలో ప్రధానమైన కేడీఈ 1996లో, గ్నోమ్ 1997లో మొదలయ్యాయి. వీటన్నిటినీ కూర్చి మనకు అందించేవి డెబియన్, ఫెడోరా, ఉబుంటు వంటి డిస్ట్రిబ్యూషన్లు. విండోస్‌లోనో మాక్‌లోనో అన్ని అంతస్తులకూ యజమాని ఒక్కడే. ఇక్కడ అంతస్తుకొక మేస్త్రి.

ఈ మేస్త్రులలో టోర్వాల్డ్స్ మొదటినుండీ ఒక నియమం పాటించాడు: పాత కెర్నెల్ మీద నడిచిన ప్రోగ్రాము కొత్త కెర్నెల్ మీద కూడా నడవాలి. 2012 డిసెంబరులో ఒక మీడియా డ్రైవర్ తిరిగి ఇచ్చే ఎర్రర్ సంఖ్య మారింది. దానితో పల్స్‌ఆడియో అనే శబ్ద వ్యవస్థ తడబడింది. తప్పు పల్స్‌ఆడియోదే కావచ్చునని ఆ విభాగపు బాధ్యుడు అనుమానించగా, టోర్వాల్డ్స్ అందరి ఎదుటా అతడిని పరుషంగా మందలించాడు. కెర్నెల్‌లో చేసిన మార్పు వల్ల ప్రోగ్రాము చెడితే అది కెర్నెల్ తప్పే అన్నది ఆయన వాదం. ఆ మాటతీరును సమర్థించలేము. 2018 సెప్టెంబరులో ఆయనే తన ప్రవర్తనకు క్షమాపణ చెప్పుకొని కొంతకాలం పనికి దూరంగా ఉన్నాడు. నియమం మాత్రం అలాగే నిలిచింది.

అయితే ఈ మాట పై అంతస్తులకు ఇచ్చినది మాత్రమే. కెర్నెల్ లోపలికి వచ్చి పనిచేసే డ్రైవర్లకు అటువంటి హామీ ఏదీ లేదు. ఎందుకు లేదో వివరిస్తూ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ రాసిన పత్రం కెర్నెల్ సోర్సుతో పాటే అందుబాటులో ఉంది. దాని సారాంశం ఇది: మీ డ్రైవర్ సోర్సును మాకు ఇవ్వండి, లోపలి ఏర్పాట్లు మార్చినప్పుడు దానిని కూడా మేమే మారుస్తాము; బయట ఉంచుకుంటే ఆ బరువు మీదే. ఈ వాదంలో న్యాయం ఉంది. కానీ సోర్సు ఇవ్వడానికి ఇష్టపడని గ్రాఫిక్స్ కార్డుల తయారీదారులు ఉన్నారు, ఆ కార్డులు కొన్న మనం ఉన్నాము. కెర్నెల్ మారినప్పుడల్లా బయటి డ్రైవర్‌ను ఆ కెర్నెల్‌కు సరిపడేటట్లు మళ్ళీ కంపైల్ చేసుకోవాలి. ఈ పని దానంతట అదే జరగడానికి 2003లో డెల్ సంస్థ ఇంజనీర్లు డీకేఎమ్‌ఎస్ అనే సాధనాన్ని తయారుచేశారు. దానికి కొత్త కెర్నెల్ తాలూకు హెడర్ ఫైళ్ళు, ఒక కంపైలర్ కావాలి. అవి దొరకకపోతే డ్రైవర్ తయారు కాదు. ఆ సంగతి అప్‌గ్రేడ్ వేళ దొర్లిపోయే వందలాది వరుసలలో ఎక్కడో ఒకచోట మాత్రమే కనిపిస్తుంది.

ఆజ్ఞ ఇచ్చేవాడే లేనప్పుడు

పెద్ద అప్‌గ్రేడ్ అంటే భయం లినక్స్ వాడుకరులలో బలంగా నాటుకున్నది 1997, 1998 ప్రాంతంలో. అంతవరకు ప్రోగ్రాములన్నీ లిబ్‌సీ5 అనే లైబ్రరీ మీద నడిచేవి. దాని స్థానంలో గ్నూ వారి గ్లిబ్‌సీ 2 వచ్చింది. రెడ్ హ్యాట్ 1997 డిసెంబరులో తన 5.0తోను, డెబియన్ 1998 జూలైలో తన 2.0తోను ఈ మార్పు చేశాయి. ఒక లైబ్రరీ మారడమంటే దానిపై ఆధారపడిన ప్రతి ప్రోగ్రామునూ కొత్తగా కంపైల్ చేయడమే.

ఇందులో చిక్కు వరుసది. మనం టైపు చేసే ఆజ్ఞలను అందుకునే బాష్ షెల్ కూడా ఒక ప్రోగ్రామే, దానికీ లైబ్రరీలు కావాలి. ముందు రావలసిన లైబ్రరీ వెనుకబడి, బాష్ ముందుగా మారిందంటే, ఆ తరువాత బాష్ మొదలు కాదు. తప్పును సరిదిద్దే ఆజ్ఞ ఇవ్వడానికి షెల్లే ఉండదు. కొమ్మ మీద కూర్చుని ఆ కొమ్మనే నరుక్కోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ కంప్యూటర్ శాస్త్రంలో దొరకదేమో. అందుకే డెబియన్‌లో ఏ ప్యాకేజీ తరువాత ఏది ఎక్కించాలో చెప్పే పత్రం, ఆ వరుసను తప్పకుండా పాటించే ఆటోఅప్ అనే స్క్రిప్టు వెలువడ్డాయి. ఏ ఉమ్మడి లైబ్రరీ మీదా ఆధారపడని శాష్ అనే చిన్న షెల్‌ను ఆపద్ధర్మంగా దగ్గర ఉంచుకోవడం జాగ్రత్తపరుల అలవాటు. కొన్నేళ్ళకు ఆ స్థానాన్ని సీడీ నుండే నడిచే సంపూర్ణ వ్యవస్థలు ఆక్రమించాయి. జర్మనీలో క్లౌస్ నోపర్ 2000లో విడుదల చేసిన నోపిక్స్ వాటిలో ప్రసిద్ధమైనది. ఈనాడు మనం జేబులో వేసుకు తిరిగే యూఎస్‌బీ లినక్స్ ఆ వంశానికి చెందినదే.

వెనుకనుండి మొదలైన నకలు

మాట విషయంలో అసలైన తగవు 2010లో జరిగింది. ఆ ఏడాది నవంబరులో ఫెడోరా 14 విడుదలైంది. కొందరి యంత్రాలలో ఫ్లాష్ ద్వారా పాటలు వింటే గరగరమని చప్పుడు వచ్చేది. కారణం ఎక్కడో అడుగున ఉన్న మెమ్‌కాపీ అనే చిన్న ఫంక్షన్ అని తేలింది. మెమొరీలో ఒకచోట ఉన్న సమాచారాన్ని మరొకచోటికి నకలు చేయడమే దాని పని. మూలస్థానం, గమ్యస్థానం ఒకదానిపై ఒకటి పడకూడదని సీ భాషా ప్రమాణం స్పష్టంగా చెబుతుంది. ఫ్లాష్ ఆ నియమాన్ని ఉల్లంఘిస్తూ వచ్చింది. అయినా ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ కలగలేదు, ఎందుకంటే గ్లిబ్‌సీ ఎప్పుడూ మొదటినుండి చివరికే నకలు చేసేది. కొత్త గ్లిబ్‌సీలో వేగం కోసం కొన్ని ప్రాసెసర్ల మీద చివరినుండి మొదటికి నకలు చేయడం ప్రారంభించారు. నకలు పూర్తి కాకముందే మూలం చెరిగిపోసాగింది.

తప్పెవరిది? ప్రమాణం ప్రకారం ఫ్లాష్‌ది. అది దోషమే అనడంలో లైబ్రరీ పక్షం వారికి సందేహం లేదు. టోర్వాల్డ్స్ స్వయంగా ఆ ఫిర్యాదు చర్చలోకి వచ్చి వ్యతిరేకించాడు. నిన్నటిదాకా వినిపించిన పాట ఇవాళ వినిపించకపోతే, వాడుకరికి ప్రమాణగ్రంథం చదివి వినిపించడం సమాధానం కాదని ఆయన దృష్టి. చివరకు గ్లిబ్‌సీ 2.14లో ఒక మధ్యేమార్గం దొరికింది: పాత ప్రోగ్రాములకు పాత మెమ్‌కాపీ, కొత్తగా కంపైల్ చేసినవాటికి కొత్తది. ఒకే పేరుకు రెండు రూపాలు. నా మట్టుకు నాకు ఇది ఓటమిగా కనిపించదు. రాతలో లేని మాటకూ విలువ ఉంటుందని ఒక లైబ్రరీ ఒప్పుకున్న సందర్భం ఇది.

నాలుగేళ్ళ తరువాత, 2014 ఆగస్టులో, పోర్ట్‌లాండ్‌లో జరిగిన డెబ్‌కాన్ఫ్ సభలో టోర్వాల్డ్స్ ఇదే ఫిర్యాదు మరో కోణంలో వినిపించాడు. సబ్‌సర్ఫేస్ అనే, నీటి అడుగున ఈతగాళ్ళు తమ ఈతల లెక్కలు రాసుకునే ప్రోగ్రామును ఆయన 2011లో మొదలుపెట్టాడు. దానిని విండోస్‌కు, మాక్‌కు ఒక్కసారి కంపైల్ చేసి ఇవ్వడం తేలిక, లినక్స్ డిస్ట్రిబ్యూషన్లకు ఇవ్వడమే కష్టమని వాపోయాడు. లినక్స్ సృష్టికర్తే లినక్స్ డెస్క్‌టాప్‌కు ప్రోగ్రాము అందించలేక తలపట్టుకున్నాడన్నమాట.

చేతికి అలవాటైనది చెడడం

2008 జనవరి 11న వెలువడిన కేడీఈ 4.0, 2011 ఏప్రిల్ 6న వచ్చిన గ్నోమ్ 3.0 మరో రకానికి చెందినవి. ఇక్కడ యంత్రం ఆగిపోలేదు, మనిషి చేయి ఆగిపోయింది. క్యూటీ 3 నుండి క్యూటీ 4కు మారడంతో కేడీఈని దాదాపు మళ్ళీ రాశారు. 4.0 పునాది మాత్రమేనని, మామూలు వాడుకరులు కొంతకాలం వేచి ఉండవచ్చునని దాని కర్తలు భావించారు. కానీ 4.0 అన్న అంకె చూసినవాడికి అది పునాదిగా కాక ఇల్లుగానే తోస్తుంది. ఆ మే నెలలో ఫెడోరా 9 కేడీఈ 3 డెస్క్‌టాప్‌ను పూర్తిగా తొలగించి 4.0ను ఇచ్చింది, జూన్‌లో ఓపెన్‌సూసె 11.0 రెండింటినీ పక్కపక్కన ఉంచింది. రెండవ పద్ధతే మర్యాద అని నా అభిప్రాయం. టోర్వాల్డ్స్ కేడీఈని వదిలి గ్నోమ్‌కు వెళ్ళాడు. గ్నోమ్ 3 రాగానే దానినీ వదిలి ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారాడు. గ్నోమ్ 2ను వదలలేక అర్జెంటీనా వాడుకరి ఒకరు దానినే కొనసాగిస్తూ మాటే అనే శాఖను ప్రారంభించారు. ఆ పేరు దక్షిణ అమెరికావారు తాగే ఒక ఆకుల కషాయానిది. కేడీఈ 3 కూడా ట్రినిటీ అన్న పేరుతో బతికింది.

కొత్త ఖాతా తెరిచి చూసే అలవాటుకు అర్థం ఇటువంటి మార్పులలోనే ఉంది. వాడుకరి ఇంటి డైరెక్టరీలో పాత అమరికలు మిగిలిపోతాయి, కొత్త డెస్క్‌టాప్ వాటిని చదివి తికమక పడుతుంది. కొత్త ఖాతాలో అంతా సవ్యంగా ఉంటే దోషం వ్యవస్థలో కాక మన అమరికలలో ఉన్నట్టు. గ్నోమ్‌కు మనం తగిలించుకునే ఎక్స్‌టెన్షన్ల గతీ అంతే. వాటికి స్థిరమైన హామీ ఏదీ లేదు. 2023 సెప్టెంబరులో గ్నోమ్ 45 వచ్చినప్పుడు ప్రతి ఎక్స్‌టెన్షన్‌నూ తిరగరాయవలసి వచ్చింది.

మన ఒత్తులు

ఇంతవరకు చెప్పినదంతా నష్టాల జాబితా వలె ఉంది. కానీ గ్నోమ్ 1 నుండి 2002 జూన్‌లో వచ్చిన గ్నోమ్ 2కు జరిగిన మార్పును తెలుగువారు మరో విధంగా చూడాలి. అనేక అమరికలను తీసివేశారని ఆనాడు పాత వాడుకరులు గగ్గోలు పెట్టారు. ఆ మార్పుతోనే పాంగో అనే లైబ్రరీ డెస్క్‌టాప్ పునాదిలోకి వచ్చింది. సమస్తం అనే అర్థమున్న గ్రీకు పాన్‌కు, భాష అనే అర్థమున్న జపనీసు గో చేర్చి పెట్టిన పేరది. అంతకుముందు తెలుగు ఫాంటు అంటే ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తలకట్లు, కొమ్ములు, ఒత్తులు ముక్కలుగా కూర్చినది. ఒక ఫాంటులో రాసినది మరొక ఫాంటులో చదవలేము. యూనికోడ్ సంకేతాల వరుసను చూసి స్త్రీ అన్న అక్షరంలో ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించే పని పాంగో వంటి లైబ్రరీలది. పోతన, వేమన పేర్లు పెట్టుకున్న ఫాంట్లు ఈనాడు డెబియన్ ప్యాకేజీలలో దొరుకుతున్నా, ఆ కూర్పరి లేకుంటే అవి అచ్చు పెట్టెలో విడివిడిగా పడి ఉన్న దిమ్మెలే.

2019లో పాంగో 1.44 వచ్చినప్పుడు కథ తిరగబడింది. ఫాంట్లను చదివే పనిని కూడా అది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీకి అప్పగించింది. ఫలితంగా పాత బిట్‌మ్యాప్ ఫాంట్లకు, టైప్ 1 ఫాంట్లకు చోటు పోయింది. ఏళ్ళుగా టెర్మినల్‌లో బిట్‌మ్యాప్ అక్షరాలకు అలవాటుపడ్డ ప్రోగ్రామర్లకు అక్షరాల స్థానంలో పెట్టెలు కనిపించాయి. పెట్టెలు చూడడమంటే ఏమిటో మనకు తెలిసినంతగా వారికి అంతవరకు తెలియదు.

మరమ్మతు

ఇటీవలి ఆలోచన మరమ్మతునే తప్పించాలని. ఎల్కో డోల్‌స్ట్రా 2006లో ఉట్రెక్ట్‌లో సమర్పించిన పరిశోధనా గ్రంథం నిక్స్ విధానానికి ఆధారం. అందులో పాత వ్యవస్థ చెరిగిపోదు, కొత్తది దాని పక్కన నిలుస్తుంది. ఓపెన్‌సూసె డిస్కు స్నాప్‌షాట్లతో, ఫెడోరా సిల్వర్‌బ్లూ మరో పద్ధతితో ఇదే సాధించాయి. చెడితే వెనక్కి వెళ్ళవచ్చు. ఇది గొప్ప సౌకర్యమే, నేను కాదనను. కానీ వెనక్కి వెళ్ళినవాడికి కారణం తెలియదు. వచ్చే నెల అప్‌గ్రేడ్‌లో అదే గోడ మళ్ళీ తగులుతుంది.

నా యంత్రంలో అటువంటి ఏర్పాటు లేదు. ఆ రాత్రి ఎఫ్3 నొక్కగానే అక్షరాల తెర వచ్చింది, కాబట్టి కెర్నెల్ నడుస్తోంది. జర్నల్‌లో డిస్‌ప్లే సర్వర్ మూడుసార్లు లేచి పడిపోయిన గుర్తులున్నాయి, కాబట్టి నా అమరికల వరకు వ్యవహారం రానేలేదు. పాత కెర్నెల్‌తో మొదలుపెడితే డెస్క్‌టాప్ మామూలుగా వచ్చింది. ఇక మిగిలినది ఒక్కటే సరిహద్దు: కొత్త కెర్నెల్‌కు, బయటి డ్రైవర్‌కు మధ్య. డీకేఎమ్‌ఎస్ లాగ్ తెరిస్తే, కొత్త కెర్నెల్ హెడర్లు కనబడలేదని ఒకే ఒక వాక్యం ఉంది. కెర్నెల్‌తో పాటు హెడర్లను కూడా వెంట తెచ్చే ప్యాకేజీ ఒకటుంటుంది. డిస్కులో చోటు చాలడం లేదని కొన్ని నెలల కిందట దానిని తీసివేసినది నేనే. ప్యాకేజీల చరిత్ర ఫైలులో తేదీతో సహా ఉంది.

దానిని తిరిగి ఎక్కించి, డ్రైవర్ తయారయ్యేవరకు కూర్చుని, కొత్త కెర్నెల్‌తో మళ్ళీ మొదలుపెట్టేసరికి ఒంటిగంట దాటింది. పడుకునే ముందు నాన్నగారి ఉత్తరాలన్నిటినీ రెండో డిస్కులోకి నకలు చేశాను.